మామిడి కొమ్మ మీద ఆర్కిడ్

ఎర్రుపాలెం స్టేషన్‌లో రైలు దిగి జమలాపురం వెంకన్న గుడికి బయల్దేరా. ఎండకు తాళలేక దారిలో ఓ మామిడి తోటలో ఆగా. తలెత్తితే, కొమ్మను కరుచుకుని ఒక మొక్క! బెల్టుల్లాంటి ఆకులు, గాల్లో వేలాడే లావుపాటి వేర్లు. పసుపు, గోధుమ రంగు గళ్ల పూలు, మధ్యలో ఊదా రంగు రేక.

"బదనిక బాబూ, చెట్టు రసం తాగేస్తది" అన్నాడు కాపలా తాత.

తాగదు. ఇది వాండా టెస్సెల్లేటా అనే ఆర్కిడ్. కొమ్మ మీద కూర్చుంటుందంతే. వాన నీళ్లు తాగి, తిండి తనే తయారుచేసుకుంటుంది. మన సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ దొర 1795లోనే కోరమండల్ తీరపు మొక్కల పుస్తకంలో దీని బొమ్మ వేయించాడు. వాండా అన్న పేరూ సంస్కృతం నుంచి వెళ్లిందే.

నాకైతే సిగ్గేసింది. పోయినేడు ఆన్‌లైన్‌లో ఆర్కిడ్ తెప్పించి, కుండీ నిండా ఎర్రమట్టి పోసి, రోజూ నీళ్లు పట్టి, నెలలో కుళ్లబెట్టా. ఈ వేర్లకు కావాల్సింది గాలి. వాండాకైతే బొగ్గు, ఇటుక ముక్కలు వేసిన చిల్లుల బుట్ట చాలు. వేరు వెండిలా తెల్లబడితే దాహమేసినట్టు. తడిపితే పచ్చబడుతుంది. మళ్లీ తెల్లబడేదాకా ఆగాలి. పొద్దుటెండ మంచిది, మన మే నెల మధ్యాహ్నపు ఎండ మాత్రం వద్దే వద్దు.

"కావాలంటే పీకిస్తా" అన్నాడు తాత. చెయ్యి లాగింది, నిజం. కానీ పీకితే వేర్లన్నీ బెరడుకే అంటుకుని తెగిపోతాయి.

"వద్దులే. గాలివానకు కొమ్మ విరిగి పడితే మాత్రం ఫోన్ చెయ్యి తాతా" అని నంబరిచ్చి వచ్చా.