అడగలేనివాడికి తోడు ఎవరు?

తాగుడు మానేసినవాడు మళ్ళీ తాగితే మనం స్నేహితుల్ని తప్పుపడతాం, జీతం రోజునీ టాస్మాక్ మద్యం దుకాణాన్నీ తిడతాం. బిడియం జోలికి పోం. తమిళనాడులోని పూండి, తిరువళ్ళూరు, తిరుత్తణి వైపు కేసుల్లో ఇది తరచూ ఎదురవుతుంది. రోగికి చేతుల వణుకు తగ్గింది, నిద్ర పడుతోంది, తాగుడు మానాలనుకునేవాళ్ళ సంఘమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుకూ వెళ్తున్నాడు. కానీ తలుపు పక్క కుర్చీలో కూర్చుని, టీ ఇచ్చేలోపే లేచి వచ్చేస్తాడు. తనకన్నా ముందు మానేసిన ఒకరిని తనకు తోడుగా నిలిచే స్పాన్సర్‌గా ఉండమని అడగమంటే తల వంచుకుంటాడు. ఇలాంటివాళ్ళలో కొందరికి నలుగురిలో నోరు పెగలడానికే మొదట మందు కావాల్సి వచ్చింది. ఆ ఆసరా తీసేసి, వాళ్ళకు చేతకాని ఆ ఒక్క పనే ముందు చెయ్యమనడం అన్యాయం. పరిచయం చేసే బాధ్యత వైద్యుడూ మీటింగులోని పాతవాళ్ళూ తీసుకోవాలి.

అసలు ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టిందే అలా. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో, వ్యాపారం బెడిసికొట్టి మళ్ళీ తాగాలనిపించిన బిల్ విల్సన్ తనే ఫోన్లు చేసి తనలాంటి మరొకరి కోసం వెతికాడు. సర్జన్ బాబ్ స్మిత్ తనంతట తాను రాలేదు. హెన్రియెట్టా సైబర్లింగ్ అనే ఆవిడ ఇద్దర్నీ కలిపింది. పావుగంటలో వెళ్ళిపోదామని వచ్చిన స్మిత్ గంటల తరబడి ఉండిపోయాడు. ఆ రోజు ముందు తోడు అవసరమైంది విల్సన్‌కే. ‘నేను ఆయనకు బరువవుతానేమో’ అని వెనకాడేవారికి ఈ సంగతి తప్పక చెప్పాలి. 2020లో వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, పదివేలమందికి పైగా రోగుల వివరాలను పరిశీలించింది. రోగిని ఈ మీటింగులతో పద్ధతిగా కలిపే చికిత్స, పూర్తిగా మానిపించడంలో మిగతా చికిత్సలకన్నా మెరుగని తేలింది. చిరునామా రాసిచ్చి పంపెయ్యడం ఆ చికిత్స కాదు.

తనంతట తాను అడగనివాడికి పట్టుదల ఉన్నట్టా అని కొందరంటారు. మాట్లాడలేకపోయినా బస్సెక్కి వారం వారం వస్తున్నాడే, అది పట్టుదల కాదా? ఊళ్ళో పరువు పోతుందన్న భయం మాత్రం నిజమైనదే. అందుకే స్పాన్సర్ పక్క ఊరివాడైతే మేలు. భాష సంగతీ చూడాలి. 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి ప్రాంతంలో ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడేవాళ్ళు ఎందరో. సంతలో తమిళం ధారాళంగా వచ్చినా, ఇంట్లో చేసిన తప్పు చెప్పుకోవడానికి మాతృభాషే కావాలి. కాబట్టి తెలుగు వచ్చిన స్పాన్సర్‌ను వెతకడం కూడా వైద్యంలో భాగమే. రోగి ఒప్పుకుంటే ఓపీ గదిలోంచే ఫోన్ కలిపి అతని చేతికివ్వాలి. మొదట తాత్కాలిక స్పాన్సర్ చాలు. వచ్చే మీటింగులో పక్కన కూర్చుంటే చాలు. మాట రాని రోజు ‘ఈరోజు తాగలేదు’ అని మెసేజ్ పెట్టినా సరే. అయితే మానిన తొలిరోజుల్లో ఫిట్సు వచ్చినా, మతి తప్పి మాట్లాడినా స్పాన్సర్ చేసేదేమీ లేదు, వెంటనే ఆస్పత్రికి తేవాలి. ఆ మాట ఇద్దరికీ ముందే చెప్పి ఉంచాలి.