మసక తీస్తే ఊరు చిన్నదైంది

"మామయ్యా, మీ వైస్ సిటీలో మనుషులకి వేళ్లేవీ?" అని మా అక్క కొడుకు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఘజియాబాద్‌ వైశాలిలోని వాళ్ల ఫ్లాట్‌లో, భోజనాల బల్ల మీద రెండు తెరలు పక్కపక్కన పెట్టుకున్నాం. వాడి ల్యాప్‌టాప్‌లో 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో: వైస్ సిటీ' కొత్త రూపం. నేను మోసుకెళ్లిన పాత డెస్క్‌టాప్‌లో 2003లో కంప్యూటర్లకు వచ్చిన అసలు ఆట. అందులో హీరో టామీ చేతులు రెండు మట్టిముద్దలు. వందల గంటలు ఆడిన నేను ఇన్నేళ్లలో ఒక్కసారీ గమనించలేదు.

నరసరావుపేటలో మా ఇంటి దగ్గర నెట్ సెంటర్‌లో గంటకు పదిహేను రూపాయలు. సిస్టమ్ ఖాళీ అయ్యేదాకా వేరేవాడి కుర్చీ వెనక నిలబడి చూడటం ఉచితం. నోటుబుక్కు వెనక పేజీలో చీట్ కోడ్లు రాసుకునేవాళ్లం. 'పాంజర్' అని కొడితే రోడ్డు మీద ట్యాంకు ప్రత్యక్షం. ఆ స్పెల్లింగులు వచ్చినంత బాగా నాకు ఇంగ్లీషు గ్రామర్ ఎప్పుడూ రాలేదు. అక్కడి కాపీలో కారెక్కితే రేడియో మోగేది కాదు. సైజు తగ్గించడానికి పాటలు పీకేసిన నకలు అది. ఆ ఆటలో పాటలున్నాయన్న సంగతే మాకు తెలియదు.

తెలిసింది ఢిల్లీ వచ్చాక, పొలిటికల్ సైన్స్‌లో ఎంఏ చదివే రోజుల్లో. నెహ్రూ ప్లేస్ మెట్ల దగ్గర 'సాఫ్ట్‌వేర్, సాఫ్ట్‌వేర్' అంటూ చెవిలో గొణిగే కుర్రాళ్లు ఉండేవారు. పైరసీకి పేరుమోసిన మార్కెట్లంటూ అమెరికా ప్రభుత్వం వేసిన జాబితాకెక్కిన చోటు మరి. అక్కడ కొన్న సీడీతో మొదటిసారి టామీ కారెక్కగానే మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్' మొదలైంది. హాస్టల్ గదిలో ముగ్గురం ఆట ఆపేసి పాట విన్నాం. ఆ ఆట తయారుచేసినవాళ్లకు నా జేబులోంచి ఒక్క పైసా వెళ్లలేదు. కాబట్టి కొత్త రూపం మీద ఫిర్యాదు చేసే హక్కు నాకెంత ఉందన్నది ఆలోచించాల్సిన విషయమే.

రీమేక్ అంటే మనకు సినిమాల గొడవ. దీనికి దగ్గరి పోలిక 2010లో రంగుల్లో వచ్చిన 'మాయాబజార్'. 1957 నాటి నలుపు తెలుపు బొమ్మకు హైదరాబాద్ సంస్థ గోల్డ్‌స్టోన్ రంగులద్దింది. చూసొచ్చిన మా నాన్న "బాగుంది. కానీ నేను చూసిన సినిమా వేరే" అన్నారు. అప్పట్లో ఆయనది చాదస్తమనుకున్నాను.

2021 నవంబర్ 11న వైస్ సిటీతో సహా మూడు పాత ఆటలు కొత్త హంగులతో కలిపి విడుదలయ్యాయి. పని చేసింది గ్రోవ్ స్ట్రీట్ గేమ్స్, విడుదల చేసింది రాక్‌స్టార్. వాన పడితే తెల్లటి గీతలు అడ్డొచ్చి రోడ్డు కనిపించలేదు. మొహాలు ప్లాస్టిక్ బొమ్మల్లా మెరిశాయి. పాత బొమ్మలను కంప్యూటర్ చేత పెద్దవి చేయించడంతో సైన్‌బోర్డుల మీద అక్షరాలు తప్పులతడకలయ్యాయి. శాన్ ఆండ్రియాస్ ఆటలో 'టఫ్ నట్' అనే డోనట్ కొట్టు పైన ఆరు పలకల ఇనప నట్టు ఉండేది. పేరులోని చమత్కారమంతా అదే. కొత్తదాంట్లో మూలలు అరిగి అది గుండ్రంగా తయారైంది. జోక్ అర్థం కానివాడికి బొమ్మ అప్పగిస్తే అంతే. ఎనిమిది రోజులకు సంస్థ క్షమాపణ చెప్పింది.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసింది మసక. పాత యంత్రాలకు దూరంగా ఉన్నవన్నీ ఒకేసారి గీసే శక్తి లేదు. అందుకే కొంత దూరం దాటాక అంతా పొగమంచులో కలిసిపోయేది. ఆ మంచు వెనక ఇంకెంత ఊరుందో అనిపించేది. కొత్త యంత్రాలకు ఆ ఇబ్బంది లేదు, తెర తీసేశారు. తీరా శాన్ ఆండ్రియాస్‌లో విమానమెక్కితే మూడు మహానగరాలూ ఒక్క చూపులో, పెరటి తోటలా కనిపించాయి. మేం రోజుల తరబడి తిరిగిన రాష్ట్రం అంతేనన్నమాట! 2024 నవంబర్‌లో వచ్చిన అప్‌డేట్‌తో మంచునూ, పాత వెలుతురునూ తిరిగి తెచ్చారు. యంత్రం బలహీనత వల్ల పుట్టిన మసకను బలమైన యంత్రం మీద పని పెట్టుకుని మళ్లీ గీశారు. శీతాకాలం పొద్దున వైశాలి బాల్కనీలోంచి చూస్తే ఎదుటి టవర్లు కూడా కనిపించవు. మా బావ దాన్ని శాపమంటాడు. నాకు మాత్రం ఒక్కోసారి వైస్ సిటీ గుర్తొస్తుంది.

పాత ఆటకు కనీసం 128 ఎంబీ ర్యామ్ చాలు. కొత్తదానికి 8 జీబీ, అంటే 64 రెట్లు. మా పాతది సెకనుకు 30 ఫ్రేముల దగ్గర నిలబడి, నాలుగు సందులు తిరిగాక ఒకసారి తడబడింది. మావాడిది నూనె రాసినట్టు జారిపోతోంది. నిజాయితీగా చెప్పాలంటే, రాత్రిపూట నీటిలో నియాన్ దీపాల నీడలు చూశాక పాత తెర అట్టబొమ్మల కొలువులా ఉంది. తుపాకీ గురిపెట్టడమూ కొత్తదాంట్లోనే తేలిక. ఆడటానికైతే నేనూ వాడి ల్యాప్‌టాపే లాక్కున్నాను.

అభ్యంతరం వేరేచోట. కొత్తది వచ్చేముందు, 2021 అక్టోబర్‌లో, పాత ఆటలను ఆన్‌లైన్ దుకాణాల నుంచి తీసేశారు. గోల తర్వాతే కంప్యూటర్ల కోసం మళ్లీ పెట్టారు. 1973 కేశవానంద భారతి తీర్పు చదువుకున్నవాణ్ని కదా, సవరణకు నేను వ్యతిరేకిని కాను, మౌలిక స్వరూపం చెడనంతవరకు. అయితే అక్కడ సవరించాక కూడా పాత ప్రతి లైబ్రరీలో దొరుకుతుంది. ఇక్కడ కొత్తది రాగానే పాతదాన్ని బజారులోంచే ఎత్తేశారు. అది దొరికేది నాలాంటి వాడి అటకమీద, అదీ దొంగ సీడీగా.

ఇదంతా మావాడికి చెప్పబోతే "సరే, ఆడు మామయ్యా" అన్నాడు. కొత్త ఆట మొదటినుంచి మొదలుపెట్టాను. టామీ కారెక్కాడు. రేడియో మోగింది, ఏదో వేరే పాట. హక్కుల చిక్కుల వల్ల కొత్త రూపంలో 'బిల్లీ జీన్' లేదు. నా చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

"ఏమైంది, హ్యాంగ్ అయిందా?" అన్నాడు మావాడు.