అమ్మ గదికి నీలమా, జాజా?

జనవరి 18, ఆదివారం

తూర్పు గోడ మీద రెండు పట్టీలు వేయించాను. ఒకటి నీలిమందు రంగు, ఇంకొకటి జాజు. రెండిటికీ రెండేసి కోటింగులు. మధ్యలో జానెడు తెల్లగోడ వదలమన్నాను. ఆనుకుని ఉంటే నీలం ఇంకా నీలంగా, జాజు ఇంకా ఎర్రగా కనబడతాయి, దేని అసలు ఛాయా తెలియదు. షేడ్ కార్డులోని గోరంత ముక్కను నమ్మి గదంతా వేయించడం నాకు సుతరామూ ఇష్టం లేదు. “తడి మీద చూడకండమ్మా, ఆరితే ముదురుతుంది” అన్నాడు మేస్త్రి.

జనవరి 20, మంగళవారం

మధ్యాహ్నం పడమటి కిటికీలోంచి ఎండ పడితే జాజు భగ్గుమంది. అసుర సంధ్యవేళ అదే జాజు నల్లబడిపోయింది, నీలం మాత్రం తేటగా నిలబడింది. వెలుతురు తగ్గేకొద్దీ మన కంటికి ముందు ఎరుపు మసకబారుతుంది. నా ఓటు నీలానికే.

అమ్మను పిలిచి చూపించాను. “నీలమెక్కడుందే? ఇది కాటుక రంగు కదా!” అంది.

శుక్లాలు. కంట్లో కటకం పచ్చబడి నీలపు వెలుగును లోపలికి రానివ్వదు. చిత్రకారుడు క్లోద్ మోనేకీ ఇదే జరిగింది. చూపు మందగించిన రోజుల్లో ఆయన తోట బొమ్మలు ఎరుపు, గోధుమ రంగుల్లోకి దిగిపోయాయి. 1923లో, ఎనభై రెండేళ్ల వయసులో కుడి కంటికి ఆపరేషన్ చేయించుకున్నాక అంతా మరీ నీలంగా కనబడుతోందని బాధపడ్డాడు.

గదిలో ఉండేది అమ్మ. నా కళ్లతో రంగు తేల్చడం న్యాయం కాదు. ఆపరేషన్ అయ్యేదాకా గోడ అలాగే ఉంటుంది.

ఫిబ్రవరి 8, ఆదివారం

కుడి కన్ను అయింది, ఎడమది ఇంకా ఉంది. అమ్మ గోడ ముందు నిలబడి ఒక్కో కన్నూ మూసి చూసుకుంది. “ఈ కంటికి ఇంత నీలమా! ఆ కంటికి బొగ్గే.” మధ్యలోని తెలుపు కూడా ఎడమ కంటికి పాత కాగితంలా ఉందట. జాజు రెండు కళ్లకీ ఇంచుమించు జాజేనట.

అయితే జాజే ఖాయం చేద్దామన్నాను. ఒప్పుకోలేదు. “ఇన్నాళ్లూ ఎరుపులే చూశాను. నీలం వేయించు.”

ఎంత సంతోషమేసిందో.

ముదురు నీలం వెలుతురును మింగేస్తుంది. రాత్రి లేచి నడిచే మనిషికి చీకటి గది పనికిరాదు. అందుకని మంచానికి ఎదురుగోడ ఒక్కటే నీలం, మిగతా మూడూ తెలుపు. జాజు గుమ్మం చుట్టూ వెడల్పాటి పట్టీగా వేయమన్నాను, తెల్లగోడలో తలుపు ఎక్కడుందో ఎడమ కంటికీ తెలుస్తుంది. మేస్త్రి గురువారం వస్తానన్నాడు.