వంపు దగ్గరే తెగుతుంది

భద్రాచలం ముక్కోటికి వెళ్లొచ్చిన ఇళ్లలో సంక్రాంతి దాటేలోగా ఒక రిమోట్ కారైనా మూలపడుతుంది. చక్రాలకేం కాదు, మోటారుకీ ఏం కాదు. లోపల ఎర్ర వైరో నల్ల వైరో ఊడి వేలాడుతుంటుంది. కొట్టుకి తీసుకెళ్తే వినిపించే మొదటి మాట, "ఎంత లావుది కావాలి?" ఎలక్ట్రికల్ కొట్లలో లెక్కంతా లావుతోనే. లైట్లకి ఒకటిన్నర ఎమ్మెమ్, ఏసీకి రెండున్నర లేదా నాలుగు, మెత్తని వైరైతే ట్వంటీత్రీ సెవెంటీసిక్స్. అంటే అంగుళంలో పదివేలవ వంతులు 76 మందమున్న పోగులు 23 అన్నమాట. బొమ్మ కారుకి ఈ లావు గొడవ దాదాపు అక్కర్లేదని నా వాదన.

లెక్క చూడండి. మూడు పెన్సిల్ సెల్లులంటే నాలుగున్నర వోల్టులు. సెల్లుల డబ్బా నుంచి మోటారుకి రానూపోనూ వైరు మహా అయితే 20 సెంటీమీటర్లు. వెంట్రుకల్లాంటి పోగులతో చేసిన 30 గేజి వైరు వేసినా, ఆ పొడవుకి నిరోధం 0.07 ఓం దగ్గరే. చక్రానికి రాయి అడ్డుపడి మోటారు 2 ఆంపియర్లు లాగినా వైరులో పోయేది వోల్టులో ఏడో వంతు. మామూలు పరుగులో అంత కూడా పోదు. పిల్లవాడికి ఆ తేడా తెలియనే తెలియదు. అదే కారుకి ట్వంటీత్రీ సెవెంటీసిక్స్ తెచ్చి పెడితే మాత్రం వెంటనే తెలుస్తుంది. బోర్డు రంధ్రంలో దూరదు. దూర్చినా, పైమూత బిగించేసరికి ఆ బిరుసు వైరు ఎగదన్ని బోర్డు మీది రాగి పొరను సోల్డరు చుక్కతో సహా లేపేస్తుంది.

వైరు తెగిన చోటుని ఒకసారి దగ్గరగా పెట్టుకుని చూడాలి. ఎక్కువసార్లు తెగింది మధ్యలో కాదు, సోల్డరు చుక్క నుంచి రెండు మూడు మిల్లీమీటర్ల అవతల. సోల్డరు వేడికి కరిగి పోగుల మధ్యకు పాకుతుంది. అంతమేరా వైరు కడ్డీలా బిగుసుకుపోతుంది, ఆ పైన మెత్తగా ఉంటుంది. సెల్లులు మార్చడానికి మూత తీసిన ప్రతిసారీ గట్టిదీ మెత్తదీ కలిసే ఆ గీత దగ్గరే వంగుతుంది. ఒక్కో పోగే తెగుతూ చివరికి మొత్తం పోతుంది. కాబట్టి కొత్త వైరులో చూడాల్సింది పోగులెన్ని, తొడుగు ఎంత మెత్తన అని. అతికించాక ఆ మెడ దగ్గర వేడి జిగురు చుక్క ఒకటి వేస్తే వంపు అక్కడ పడదు.

పాత టెలిఫోను వైరు ఈ పనికి పనికిరానిది అందుకే. రంగులు బాగుంటాయి, రాగి అసలైనదే, కానీ లోపల ఉన్నది ఒకే ఒక కడ్డీ. పదిసార్లు వంచితే పుటుక్కుమంటుంది. ఇనప బైండింగు వైరు కట్టే పిల్లలూ ఉన్నారు. ఇనుము నిరోధం రాగికి ఆరింతల దాకా ఉంటుంది, పైగా తొడుగు లేదు. అడవి అంచు ఊళ్లలో అడవిపందుల కోసం కరెంటు పెట్టే తీగ కూడా అలాంటిదే. దానికి మనుషులూ బలయ్యారు. పిల్లల చేతిలో అది కనిపిస్తే నాకు మనసొప్పదు.

దుమ్ముగూడెంలోనో చర్లలోనో ఉన్నవాళ్లు జానెడు వైరు కోసం హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లరు కదా! అక్కర్లేదు కూడా. ఏ ఇంట్లోనైనా చెడిపోయిన చార్జింగు వైరు ఉంటుంది. పైతొడుగు చీలిస్తే ఎర్ర, నల్ల వైర్లు సెల్లులకీ మోటారుకీ సరిపోతాయి. తెల్ల, ఆకుపచ్చ వైర్లు బల్బులకి వస్తాయి. చవక రకాల్లో పోగులు మరీ తక్కువ, కొన్నిట్లో రాగి పూసిన అల్యూమినియం. బ్లేడుతో గీరితే తెల్లగా బయటపడుతుంది, దానికి సోల్డరు సరిగా పట్టదు. ఇయర్‌ఫోను వైరు ఎంత వంచినా వంగుతుంది గానీ పోగులకి వార్నిష్ పూత, మధ్యలో దారం. పూత కాల్చకుండా అతికించలేం.

ఇంకో సంగతి, తడి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. వరదలో మునిగిన ఇళ్లలోని వైర్లు పైకి నిగనిగలాడుతున్నా లోపల రాగి నల్లబడి, చిలుము పట్టి ఉంటుంది. అలాంటిది ఎంత రుద్దినా దండగ. అటు మే నెలలో 45 డిగ్రీల ఎండకి ఇలాంటి బొమ్మల్లో చవక ప్లాస్టిక్ తొడుగు బిరుసెక్కుతుంది. సిలికాన్ తొడుగు వైరు 200 డిగ్రీలకూ మెత్తగానే ఉంటుంది, పోగులూ బోలెడు. అయితే గోరు తగిలినా చిరుగుతుంది. ఇనప అంచులున్న బండిలో నేనైతే వేయను.

యాంటెన్నా వైరు సంగతి వేరు. అక్కడ లావూ పోగులూ కాదు, పొడవు ముఖ్యం. రిమోట్ నుంచి వచ్చే 27 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 11 మీటర్లు. అంత తీగ బొమ్మలో పట్టదు కనుక, పొట్టి తీగకు తగ్గట్టు ఓ చుట్టను అమర్చి ఉంటారు. తెగిన ముక్కలు రెండూ కలిపి కొలిచి, సరిగ్గా అంతే వేయాలి. పొడవుగా వేస్తే దూరం అందుతుందనుకోవడం భ్రమ.

రంగుల విషయంలో సెల్లుల వైర్లు అటుదిటు చేయకూడదు, బోర్డు కాలిపోవచ్చు. మోటారువి తారుమారైతే ప్రమాదం లేదు, ముందుకి నొక్కితే కారు వెనక్కి పోతుందంతే. మా మేనల్లుడు అలాగే అతికించుకున్నాడు. మార్చమంటే, "వద్దు మామయ్యా, ఇప్పుడు నాకు తప్ప ఇంకెవడికీ నడపడం రావట్లేదు" అన్నాడు.