మూడో కాన్పు

కడుపు నాదే. కానీ దాని మీద మాట్లాడే హక్కు అందరికీ ఉంది. సర్కారుకుంది. జమాతుకుంది. అత్తకుంది. దారిన పోయే దానయ్యకీ ఉంది. సాయిబుల ఇంట్లో మూడో కాన్పయితే అది కాన్పు కాదు, జనాభా లెక్క.

నాకు మూడో బిడ్డ పుట్టింది 1996లో. మాది పల్నాటి పల్లె. మసీదు చుట్టూ ఇరవై గడప మావాళ్ళం. ఆయన టైలరు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదువుకుని, పెళ్ళయ్యాక ఆయన పక్కన కూచుని కాజాలు కుట్టేదాన్ని. రెండు గదుల ఇల్లు. అందులో మేమిద్దరం, ఇద్దరు మగపిల్లలు, అత్తమ్మ, పెళ్ళికాని మరిది, ఒక కుట్టుమిషను. మూడోసారి నెల తప్పినప్పుడు కావాలని కోరుకోలేదు. వద్దనీ అనుకోలేదు. బిడ్డ కడుపులో కదిలాక మాత్రం ఎన్నోది అన్న లెక్క గుర్తుకు రాదు. కన్నవాళ్ళకి ఇది తెలుసు. ఇందులో సంజాయిషీ ఏమీ లేదు.

నొప్పులతో టౌను ఆసుపత్రికి పోతే నర్సు పేరడిగింది. చెప్పాను. పేరు వినగానే "ఎన్నోది?" అంది. మూడోదన్నాను. "మీవాళ్ళకి ఇక వేరే పనుండదా అమ్మా?" అంది. బల్లమీద పడుకున్న మనిషి ఏం జవాబు చెబుతుంది? పళ్ళు బిగబట్టుకున్నాను. నొప్పికో, ఆ మాటకో నాకే తెలీదు.

పక్క మంచం మీదామెది ఐదో కాన్పు. నలుగురూ ఆడపిల్లలే. మగనలుసు కోసం చూస్తున్నారు. ఆమె కాపులామె. ఆమెను చూసి వార్డంతా "పాపం" అంది. నన్ను చూసి "వీళ్ళింతే" అంది. ఆమె కాన్పు ఆమె ఒక్కదానిది. నా కాన్పు నా జాతి మొత్తానిది. తేడా అంతే.

ఆమెకు ఐదోసారీ ఆడపిల్లే పుట్టింది. అది తెలిశాక ఆమె తరఫువాళ్ళెవరూ మధ్యాహ్నం దాకా రాలేదు. మా అత్తమ్మ నాకు తెచ్చిన జావలో సగం గ్లాసులో పోసి ఆమె చేతిలో పెట్టింది. "తాగు బిడ్డా, ఏడిస్తే పాలెండిపోతాయి" అంది. ఆమె తాగింది. అక్కడ ఎవరూ ఎవరి మతమూ అడగలేదు.

నాకూ ఆడపిల్లే. అత్తమ్మ పాత చీరలో చుట్టి వరండాలోకి తీసుకుపోయింది. ఆయన కుడి చెవిలో అజాన్, ఎడమ చెవిలో ఇఖామత్ చెప్పాడు. బిడ్డ వినే మొదటి మాట అల్లా పేరు కావాలని మా ఆచారం. మా పెద్దవాడు 1990లో అదే ఆసుపత్రిలో పుట్టినప్పుడు ఆయన గొంతు వార్డు లోపలికి వినిపించింది. ఈసారి వినిపించలేదు. 1992 డిసెంబరు 6 మధ్యలో వచ్చింది మరి. బాబ్రీ మసీదు అయోధ్యలో కూలింది. గొంతు మాత్రం పల్నాటి ఆసుపత్రి వరండాలో తగ్గింది. నా బిడ్డ లోకంలో విన్న మొదటి మాట గుసగుస.

బిడ్డతోపాటే నాకు కు.ని. ఆపరేషన్ చేశారు. చేయించుకుంటానని నేనే చెప్పాను. నర్సు మాటకి కాదు, నా ఒంటి కోసం, రెండు గదుల ఇంటి కోసం. ఆయన చేయించుకోవచ్చుగా అని మీరడగొచ్చు. ఆ మాట మా ఊళ్ళో ఏ కులంలోనూ ఎవరూ అడగరు. 1976-77లో, ఎమర్జెన్సీలో, ఏడాదిలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. ఎక్కువమంది మగవాళ్ళు. ఆ కోపం ఓట్లలో చూశాక సర్కారు మగవాళ్ళ జోలి మానేసి ఆడవాళ్ళ మీద పడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా ఆంధ్రలో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళ ఆపరేషన్ నూటికి ఒకటి కూడా లేదు.

ఊరికొచ్చాక మావాళ్ళలో కొందరు "గునాహ్" అన్నారు. ఇద్దరు ముగ్గురు మా ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగలేదు. అత్తమ్మకి భయపడ్డాను. ఆమె ఐదు పూటలా నమాజు చేసే మనిషి. నా చిల్లా నలభై రోజులూ సాంబ్రాణి పొగ వేస్తూ, ఎదురింటి రెడ్లామె ఇచ్చిన కాయం నాకు ముద్దలు చేసి పెడుతూ ఆ ఊసే ఎత్తలేదు. ఒకరోజు తనే అంది: "నేను కన్నవి తొమ్మిది. నాకు మిగిలినవి ఐదు. నలుగుర్ని నా చేతుల్తో మట్టికిచ్చాను. నువ్వు కన్నవన్నీ నీకు మిగలనీ బేటీ." సాయిబులు ఎందుకు ఎక్కువమందిని కన్నారో నాకు ఏ పుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు. ఆమె తరంలో పక్క మాలపల్లెలో, గొల్లబజారులో అమ్మలూ ఇట్లాగే కన్నారు, ఇట్లాగే పోగొట్టుకున్నారు.

మతం పిల్లల్ని కనదు. చదువులేనితనం, బీదరికం, పుట్టిన బిడ్డ బతుకుతుందన్న నమ్మకం లేకపోవటం, ఇవి కంటాయి. బీహారులో హిందూ స్త్రీ కంటే కేరళలో ముస్లిం స్త్రీ తక్కువమందిని కంటోంది. 1992-93 సర్వేలో దేశంలో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు, హిందూ స్త్రీకి 3.3. 2019-21కి ముస్లిం స్త్రీకి 2.4, హిందూ స్త్రీకి 1.9. ఎవరు వేగంగా దిగివచ్చారో మీరే చూడండి. అయినా 2002లో, గుజరాత్ మారణకాండ జరిగిన కొన్ని నెలలకే, ఎన్నికల యాత్రలో "మేం అయిదుగురం, మాకు పాతికమంది" అని మమ్మల్ని వెక్కిరించారు. 2011 జనాభా లెక్కల్లో వెయ్యిమంది ముస్లిం మగవాళ్ళకి 951 మంది ఆడవాళ్ళు. ప్రతివాడికీ నలుగురు పెళ్ళాలు ఎక్కణ్ణించి వస్తారు? నా మొగుడికి నేనొక్కదాన్నే. ఆ ఒక్కదానికీ ఏడాదికి రెండు చీరలు కొనటానికే ఆయన నానా అవస్థ పడ్డాడు.

2001లో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మా వార్డు ఆడవాళ్ళకిచ్చారు. మా బజారులో పదో తరగతి చదివిన ఆడది నేనొక్కదాన్నే. హిందువులూ ముస్లింలూ కలిసే అడిగారు, నిలబడమని. మంచినీళ్ళ పంపు మా బజారుకి తెద్దామని నాకూ ఆశ పుట్టింది. తీరా చూస్తే 1994 పంచాయతీరాజ్ చట్టం అడ్డమొచ్చింది. గడువు తర్వాత మూడో బిడ్డ పుడితే పోటీకి పనికిరారు. ఎన్ని కాన్పులన్నది మొగుళ్ళూ అత్తలూ తేల్చే ఊళ్ళలో, ఆ చట్టం దెబ్బ ముందుగా తగిలింది మాకే. దళితులకీ, బీసీలకీ, మాకూ. ఎమ్మెల్యేకి, ఎంపీకి ఆ నిబంధన లేదు. వార్డు మెంబరుకే ఉంది. 2003లో హర్యానా కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి నిబంధన సరైనదేనంది. మా బజారుకి పంపు చాలా ఏళ్ళకి గానీ రాలేదు. నా కూతురు పెద్దదై బిందె ఎత్తింది.

2024 నవంబరులో ఆంధ్ర అసెంబ్లీ ఆ నిబంధన తీసేసింది. జనం తగ్గిపోతున్నారట, ముసలివాళ్ళు ఎక్కువవుతున్నారట, ఇంకా కనమని ముఖ్యమంత్రే చెప్పాడు. ముప్పై ఏళ్ళు మమ్మల్ని గడప బయట నిలబెట్టిన మాట ఒక్కపూటలో తిరగబడింది. అదే ఏడు ఏప్రిల్‌లో, పార్లమెంటు ఎన్నికల సభలో, దేశం సొమ్ము "ఎక్కువమంది పిల్లల్ని కనేవాళ్ళకి" పోతుందన్న బెదిరింపూ విన్నాం. ఆ కనేవాళ్ళెవరో విన్నవాళ్ళందరికీ తెలుసు.

నా కూతురిప్పుడు హైదరాబాదులో ఒక ఆఫీసులో లెక్కలు రాస్తుంది. ఒక్క పాప. రెండో బిడ్డ మాటెత్తితే "అమ్మీ, అద్దె కట్టాలి, ఫీజులు కట్టాలి" అంటుంది. ఆమె కంటుందో మానుతుందో ఆమె ఇష్టం. నేనడగను. నాకున్న సందేహం వేరే. ఇంకా కనండి అని ఇవాళ పిలుస్తున్నారే, ఆ పిలుపులో మా గడప ఉందా? రేపు నా కూతురు రెండో కాన్పుకో మూడో కాన్పుకో పోతే, పేరు విన్న తర్వాత ఆ బల్ల దగ్గర ఆమెను ఏమడుగుతారు?