పందెం గుడ్డు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు మొదట కవిత రాద్దామనుకున్నాం. హాస్టల్ మీద కవిత అనగానే ట్రంకు పెట్టె, గంట, వేపచెట్టు వస్తాయి. అవి ప్రతి సంచికలోనూ వచ్చాయి. అందుకని ఈసారి తిండి గురించి, ఒంట్లోని వ్యాధి నిరోధక శక్తి గురించి రాస్తున్నాం. ఇది డాక్టర్లు రాయవలసిన వ్యాసం కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. మేము డాక్టర్లం కాము. గరిడేపల్లి మండలంలోని ఊళ్ల నుంచి ఒకే ఏడు హాస్టల్‌లో చేరిన అయిదుగురం. అందులో నలుగురం డిగ్రీ చేశాం. మా నాలుగు ఇండ్లల్లో డిగ్రీ పట్టా చూడటం అదే మొదలు. ఇద్దరం పీజీ చదువుతున్నాం, ఈ చేతిరాత అందులో ఒకరిది. అయిదోవాడు పదో తరగతి దగ్గర ఆగిపోయాడు. ఈ వ్యాసం అతని గురించి. పేరు మాత్రం వేయొద్దన్నాడు.

మా ఊళ్ల చుట్టూ ఎటు చూసినా వరే. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లు వచ్చాక మా తాతల కాలం చెలకలు పొలాలయ్యాయి. అంతకు ముందు ఏం తినేవాళ్లని మా నాయనమ్మలను అడిగితే జొన్న గటక, సజ్జరొట్టె, చెలకల్లో పండిన కంది, పెసర, అలసందల పేర్లు చెబుతారు. అడగకపోయినా గంగవాయిలి కూర, తుమ్మికూర, పొనగంటి కూరల ముచ్చట చెబుతారు. అయితే కాలువను ఒక్క మాట అంటే ఊరుకోరు. "అప్పుడు కూరలు తిన్నది కడుపు నిండక బిడ్డా, బలం కోసం కాదు" అంటారు. నిజమే. నీళ్లు వచ్చి ఆకలిని తీసుకుపోయాయి. కానీ పళ్లెంలో అన్నం ఒక్కటే పెరిగింది. పప్పు దుకాణంలో కొనుక్కునే సరుకయింది. కలుపు మందు కొట్టడం మొదలయ్యాక, కూలికి పోయిన అమ్మలు సాయంత్రం ఒడిలో కోసుకొచ్చే ఆకుకూర కూడా తగ్గిపోయింది. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బస్తాలు మోసిన మా నాన్నలు ఇంట్లో బియ్యానికి కొదవ రానియ్యలేదు. పప్పుచారులో మాత్రం పప్పు గుప్పెడే.

అట్లా తెల్లన్నం మీద పెరిగిన ఒళ్లతోనే మేము హాస్టల్‌కు వచ్చాం. ఏడో తరగతిలో ఉండగా, 2015 జనవరిలో, హాస్టళ్లకు సన్నబియ్యం వచ్చాయి. ఆ రోజు మేము అన్నం మూడుసార్లు పెట్టించుకున్నాం. కూర ఏమిటో ఎవరికీ గుర్తు లేదు.

పప్పు సంగతి హాస్టల్‌లో ఉన్నవాళ్లకు చెప్పనక్కరలేదు. బకెట్‌లో పప్పు కిందికి దిగుతుంది, తేట పైకి తేలుతుంది. లైన్‌లో ముందు నిలబడితే తేట వస్తుంది, చివర నిలబడితే చిక్కటి పప్పు వస్తుంది. కానీ చివర నిలబడితే కూర అయిపోతుంది. ఈ లెక్క మీద మేము గణితం కంటే ఎక్కువ బుర్ర పెట్టాం. వంట చేసే పెద్దమ్మకు మా మీద దయ కలిగిన రోజు గంటె అడుగు దాకా పోయేది. దీనికి ఎవరినీ తప్పుపట్టడం లేదు. 2024 చివర్లో పెంచేదాకా ఎనిమిది నుంచి పదో తరగతి విద్యార్థికి డైట్ చార్జీ నెలకు 1100 రూపాయలు. రోజుకు 37 రూపాయలు కూడా కాదు. పొద్దున టిఫిను, రెండు పూటల భోజనం, సాయంత్రం ఏదో ఒకటి అందులోనే. ఎవరు వండినా ఆ పప్పు తేటగానే ఉంటుంది.

గుడ్డు అట్లా కాదు. గుడ్డులో నీళ్లు కలపలేరు. అందుకే గుడ్డు వచ్చిన రోజు హాస్టల్ అంతా హుషారు. ఆ గుడ్డును మేము తినే వస్తువుగా కాక పందెం డబ్బుగా వాడుకున్నాం. మైదానంలో క్రికెట్ ఆడితే ఓడినవాడి గుడ్డు గెలిచినవాడిది. చదరంగమైనా అంతే. మా అయిదోవాడికి బ్యాటు పట్టుకోవడం రాదు, ఆట అంటే మాత్రం ప్రాణం. అతని గుడ్లు వారం వారం మా పళ్లేలలోకి వచ్చేవి. ఎన్ని తిన్నామో లెక్క లేదు. అతను నవ్వుతూనే ఇచ్చేవాడు, తేట పప్పు వద్దని అన్నంలో పచ్చడి కలుపుకునేవాడు. మేము అతన్ని 'బక్కోడు' అని పిలిచేవాళ్లం.

పదో తరగతి చలికాలంలో అతనికి దగ్గు పట్టుకుంది. రెండు వారాలైనా పోలేదు. సాయంత్రమయితే ఒళ్లు వెచ్చబడేది. ప్యాంటు జారిపోతుంటే పుస్తకాల సంచి తాడు కట్టుకున్నాడు. అది చూసి కూడా నవ్వినవాళ్లమే. వార్డెన్ సారు సర్కారు దవాఖానకు తీసుకుపోతే తెమడ పరీక్ష చేసి క్షయ అని చెప్పారు. ఆరు నెలల మందులిచ్చి ఇంటికి పంపారు.

అతని స్టీలు పళ్లెం అలమారలో మిగిలిపోయింది. అంచు మీద పేరు చెక్కించుకున్న పళ్లెం. రెండు రోజుల తర్వాత అది వేపచెట్టు కింద పడి ఉంది. ఎవరు పారేశారని పెద్దమ్మ అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. మేమే పారేశాం. క్షయ పళ్లెం వల్ల అంటదని, దగ్గినప్పుడు గాలిలో కలిసిన క్రిములను పీల్చడం వల్ల వస్తుందని మా జీవశాస్త్రం పుస్తకంలో ఉంది. మార్కుల కోసం ఆ ప్రశ్నకు జవాబు కూడా రాశాం. అతను ఆ ఏడాది పరీక్ష రాయలేకపోయాడు. మందులు పూర్తిగా వాడాడు, బాగయ్యాడు, మళ్లీ బడికి మాత్రం రాలేదు.

తర్వాత 2020 వచ్చింది. మేము ఇంటర్ పరీక్షలు రాసి ఇండ్లకు చేరిన రోజులు. ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్ దగ్గర కేసులు బయటపడ్డాయని తెలిసి ఊరూరా ముళ్లకంపలు అడ్డం వేశారు. ఆ రోజుల్లోనే 'ఇమ్యూనిటీ' అనే మాట మా గడపల దాకా వచ్చింది. పసుపు పాలు, మిరియాల కషాయం, అల్లం, సొంఠి. కషాయం తాగితే గొంతుకు హాయిగా ఉంటుంది, కాదనడం లేదు. కానీ దానితోపాటు ఇమ్యూనిటీ డబ్బాలు కూడా వచ్చాయి. మాలో ఒకరింట్లో రెండు రోజుల కూలి డబ్బులు పెట్టి ఒక డబ్బా కొన్నారు. వెనక సన్నటి అక్షరాలు చదివితే అందులో అన్నిటికంటే ఎక్కువ ఉన్నది చక్కెర. అదే డబ్బుతో ఇంటిల్లిపాదికీ కొన్నాళ్ల దాకా గుడ్లు వచ్చేవి. ఇంట్లో చదువుకున్నది మేమే కాబట్టి చదివి చెప్పాం. "కొన్నంక చెప్తే ఏం లాభం" అన్నారు.

పీజీకి వచ్చాకే మాకు ఈ సంగతి సరిగా అర్థమయింది. మన రక్తంలో రోగంతో పోరాడే యాంటీబాడీలు మాంసకృత్తులతో తయారవుతాయి. తెల్లరక్తకణాలు పుట్టాలన్నా మాంసకృత్తులు, ఇనుము, జింకు, విటమిన్లు కావాలి. ఇటుకలు లేకుండా మేస్త్రీని ఎంత బతిమాలినా గోడ లేవదు. పదమూడు నుంచి పదిహేనేళ్ల మగపిల్లవాడికి రోజుకు 45 గ్రాముల దాకా మాంసకృత్తులు కావాలని 2020లో భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి లెక్క ఇచ్చాయి. ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటాయి. క్షయ క్రిమి చాలామంది ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఒళ్లు గట్టిగా ఉంటే అది అక్కడే నిద్రపోతుంది. తిండి తక్కువైన ఒంట్లో లేచి కూర్చుంటుంది. మన దేశంలో క్షయ ముదరడానికి అన్నిటికంటే పెద్ద కారణాల్లో తిండి చాలకపోవడం ఒకటి.

క్లాసులో సారు ఒక పరిశోధన గురించి చెప్పినప్పుడు మా ఇద్దరికీ ఆ పళ్లెం గుర్తొచ్చింది. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 వరకు చేసిన 'రేషన్స్' అనే అధ్యయనం అది. 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 2,800 మంది క్షయ రోగులను, వాళ్ల ఇండ్లల్లో ఉండే పది వేల మందికి పైగా కుటుంబ సభ్యులను తీసుకున్నారు. రోగులందరికీ మందులతోపాటు ఆహారం ఇచ్చారు. కుటుంబ సభ్యుల్లో ఒక భాగానికి మాత్రం మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఆరు నెలలపాటు ఇచ్చారు. అట్లా ఇచ్చిన ఇండ్లల్లో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ఊపిరితిత్తుల నుంచి ఇతరులకు అంటే రకమయితే 48 శాతం తగ్గింది. కొత్త మందు ఏమీ లేదు. బియ్యం, పప్పు. మన గోదాములో ఉండేవే.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. గుడ్లు ఓడిపోయినందుకే అతనికి క్షయ వచ్చిందని మేము అనలేం. అదే తిండి తిన్న మాకు రాలేదు. తిండి మందుకు బదులు కాదు, క్షయకు మాత్రలు వాడి తీరాలి. అయినా ఆ గుడ్లు మా కడుపులోకి పోయినవే.

తమ్ముళ్లకు తెలియాలని ఇంకొన్ని రాస్తున్నాం. ఇప్పుడు డైట్ చార్జీ ఎనిమిది నుంచి పదికి 1540 రూపాయలయింది, మూడు నుంచి ఏడుకు 950 నుంచి 1330 అయింది. అందరికీ ఒకే మెనూ 2024 డిసెంబరులో మొదలయింది. మెనూ గోడ మీద ఉంటుంది, చదవండి. అందులో ఉన్నది పళ్లెంలోకి రాకపోతే మర్యాదగా అడగండి. అంతకంటే ముఖ్యం, వచ్చింది పారేయకండి. ఆకుకూర పప్పులో ఆకులు ఏరి పళ్లెం పక్కన పెట్టడం మా కాలంలోనూ ఉండేది. ఆ ఆకుల్లో ఉండే ఫోలిక్ యాసిడ్‌ను 1945లో అమెరికాలో కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ పేరులోని 'ఫోలిక్' అన్న మాట ఆకు నుంచే వచ్చింది. రక్తకణాలు పుట్టడానికి అది కావాలి. పాలకూర, తోటకూర, మునగాకు, పుంటికూర ఏదైనా సరే, ఆకును పక్కన పెట్టేటప్పుడు ఆయన ముఖం గుర్తు తెచ్చుకోండి.

పండ్లంటే ఆపిల్ అనుకుంటాం. దవాఖానలో ఎవరినైనా చూడపోతే ఆపిల్ పండ్లే కొంటాం. సి విటమిన్ లెక్కలో బడి గేటు దగ్గర అమ్మే జామకాయ ముందు ఆపిల్ నిలబడలేదు. నారింజ కంటే కూడా జామలో నాలుగు రెట్లకు తక్కువ కాదు. పప్పులో, ఆకుకూరలో నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే పట్టదు. పీజీ హాస్టల్‌లో మేము రోజూ చేసే తప్పు ఇదే, ఇంకా మానలేదు. చేతిలో పది రూపాయలుంటే చిప్స్ ప్యాకెట్‌కు బదులు పల్లీపట్టి కొనండి. నట్టల మందు ఇచ్చే రోజు బాత్రూం వెనక దాక్కోకండి. మేము దాక్కున్నాం. మీరు తిన్నదాన్ని మీకంటే ముందు తినే అతిథులు కడుపులో ఉంటే గుడ్డు తిన్నా లాభం లేదు.

ఇంకో సంగతి. మన మండలంలోనే గడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. వ్యవసాయం గురించి చెప్పడమే వాళ్ల పని. పెరటి కూరగాయల గురించి అడగడానికి ఎక్కడికో పోనక్కరలేదు. హాస్టల్ వెనక చేతులు కడిగిన నీళ్లు ఊరికే పారే చోట రెండు మునగచెట్లు, ఒక బొప్పాయి, నాలుగు మడుల తోటకూర పెడితే ఎట్లా ఉంటుందని సీనియర్లలో కొందరం అనుకుంటున్నాం. మొక్కలు మేము తెస్తాం. నీళ్లు పోయడం మీ పని. ఎండాకాలం సెలవుల్లో ఎవరు పోస్తారనేది ఇంకా తేలలేదు.

2025 ఉగాది నాడు మన పక్కనున్న హుజూర్‌నగర్‌లో రేషను కార్డులకు సన్నబియ్యం పంపిణీ మొదలుపెట్టారు. ఆ నెలలోనే ఒక ఆదివారం మేము నలుగురం అతని ఇంటికి పోయాం. ఇప్పుడు వరికోత మిషను నడుపుతున్నాడు. మా అందరికంటే లావయ్యాడు. అతని అమ్మ సన్నబియ్యం అన్నం, మామిడికాయ పప్పు, మనిషికి రెండు ఉడికిన గుడ్లు పెట్టింది. అతను మా పళ్లేల వంక చూసి, "పందెం ఏం లేదురా, తినుండ్రి" అని నవ్వాడు. మేము తలలు దించుకుని తిన్నాం. పళ్లెం సంగతి చెబుదామని పోయినవాళ్లం, చెప్పకుండానే తిరిగొచ్చాం.

ఈ సంచిక అతనికి ఒకటి పంపిస్తున్నాం. వార్షికోత్సవానికి కూడా రమ్మన్నాం. కోతలు లేకుంటే వస్తానన్నాడు.