రస్తా ఎవరి జాగీరు?

"రోడ్డు మీ అయ్య జాగీరా?"

మా నర్సీపట్నంలో అబీద్ సెంటర్ దగ్గర పది నిమిషాలు నిలబడండి, ఈ మాట ఒక్కసారైనా చెవిన పడుతుంది. దీనికి తోడబుట్టినవి ఇంకా ఉన్నాయి. "చావడానికి నా బండే దొరికిందా?" "కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా?" నాలాగా బురఖాలో రోడ్డు దాటే ఆడవాళ్ళకైతే "ఏయ్ బురఖా, పక్కకి!" అంతే, పేరు కూడా అక్కర్లేదు. ఇన్నేళ్ళలో ఒక్క లారీ డ్రైవర్నీ ఎవరూ ఇలా అనడం నేను వినలేదు. నడిచేవాళ్ళకీ సైకిళ్ళవాళ్ళకీ మాత్రమే దక్కే బహుమానం ఇది.

రస్తా, జాగీరు, హక్కు, సవారీ, జబర్దస్తీ. ఈ మాటలన్నీ తెలుగులోకి మన ఇళ్ళ జబాన్ నుంచే వచ్చాయి. వాడేవాళ్ళకి ఆ ఖబర్ కూడా లేదు. అది వేరే ముచ్చట.

మా ఇంటాయన ఇరవై ఏళ్ళుగా సామాన్ల వ్యాన్ తోలుతున్నారు. ఇంట్లో పిల్లి మీద కూడా గొంతు లేపని మనిషి. స్టీరింగ్ పట్టుకుంటే మాత్రం వేరే ఇన్సాన్. ఎందుకని నేను చాలాసార్లు అడిగాను. ఆయన చెప్పింది న్యాయంగానే రాస్తాను, డ్రైవర్ల బాధ డ్రైవర్లు కానివాళ్ళకి తెలీదు గనక.

తుని వైపు, విశాఖ వైపు, చింతపల్లి వైపు వెళ్ళేవన్నీ ఈ ఊరి మీంచే పోవాలి. కొండ సంతల నుంచి పసుపు, చింతపండు, అనాసపళ్ళు, చీపుర్లు దిగేది ఇక్కడికే. సరుకు చేరలేదని షావుకారు అరగంటకోసారి ఫోన్ చేస్తాడు. బండి కిస్తీ ఐదో తారీఖుకి కట్టాలి. ఘాట్ దిగివచ్చేసరికి భుజాలు పీకుతుంటాయి. అప్పుడు ముందు ఒక సైకిలు అడ్డం వస్తే సెకండ్ గేర్‌లో పాకాలి. ఫోన్ చూసుకుంటూ కాలేజీ కుర్రాడు రోడ్డు మధ్యలో నడుస్తుంటాడు. "సబర్ అంటావు గానీ, సబర్‌కి కూడా డీజిల్ కావాలి బేగం" అంటారాయన.

నిజమే. కానీ షావుకారు మీద అరవలేరు. ఫైనాన్స్ వాడి మీద అరవలేరు. బస్సు డ్రైవర్ మీద అరిస్తే కిందకి దిగుతాడు. కారులో ఉన్న సాహెబు ఎవరి మనిషో తెలీదు. ఇక మిగిలింది సైకిలువాడు, నడిచేవాడు. గుస్సాకి కళ్ళుండవంటారు, నేనొప్పుకోను. మన కంటే కింద ఎవరున్నారో అది చాలా బాగా చూస్తుంది.

ఆ నడిచేవాడు రోడ్డు మధ్యకి షౌక్ కొద్దీ రాలేదు కదా. కాలువ మీద పలకలు కొన్నిచోట్ల విరిగి ఉంటాయి. విరగని చోట మోటార్ సైకిళ్ళు, దుకాణాల బోర్డులు, తోపుడు బండ్లు. జుమ్మా రోజు మన మసీదుల ముందు సంగతి కూడా చెప్పుకోవాలి. మనవాళ్ళు బండ్లు ఎలా పడేసి లోపలికి పరిగెడతారో చూస్తే, బయట రోడ్డు మీద పోయే ముసలమ్మ ఎటు నడవాలో ఎవరికీ ఫికర్ ఉన్నట్టు కనిపించదు. నమాజు అల్లాహ్ హక్కు, దారి ఆ ముసలమ్మ హక్కు. హుకూక్-ఉల్-ఇబాద్ అని బయాన్లలో వింటాం, చెప్పులు వేసుకునేటప్పటికి మరిచిపోతాం.

మా మామగారి గురించి చెప్పకుండా ఇది పూర్తికాదు. డెబ్భై దాటినా ఆయన ఫజర్‌కి సైకిల్ మీదే వెళ్ళేవారు. చలికాలం వస్తే మా ఊరికి ఒక కొత్త సీజన్ మొదలవుతుంది, లంబసింగి సీజన్. ఆంధ్రా కాశ్మీర్ అంటూ మంచు చూడ్డానికి విశాఖ వైపు నుంచి రాత్రంతా కార్లు, బైకులు. తెల్లారేలోపు కొండ ఎక్కాలని వాళ్ళ తొందర. డిసెంబర్‌లో ఫజర్ ఐదు దాటాక. అంటే సరిగ్గా మా పెద్దవాళ్ళు టోపీ పెట్టుకుని, మఫ్లర్ చుట్టుకుని బయటికొచ్చే వేళకే ఆ కార్లు మా ఊరు దాటుతుంటాయి. ఎదురుగా హై బీమ్ పడితే కళ్ళు కనబడవు.

ఒక రోజు వెనక నుంచి వచ్చిన కారు హారన్ కొట్టి, కొట్టి, పక్కకొచ్చి అద్దం దించింది. లోపల కుర్రాళ్ళు. ఆయన బెదిరి సైకిల్ కాలువ అంచుకి పోనిచ్చారు. మోకాలు చెక్కుకుపోయింది, కుర్తా చిరిగింది. కారు ఆగలేదు. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. నేనే రక్తం చూసి అడిగాను. "పోనీలే బేటీ, సూరజ్ వాళ్ళ కోసం ఆగడు కదా" అని నవ్వారు. మధ్యాహ్నం మందు రాస్తుంటే మెల్లగా అన్నారు, "పడింది కాదు బేటీ. 'తప్పుకోరా ముసలోడా' అన్నాడు. మన మున్నా వయసు ఉంటుందేమో." ఆ తర్వాత ఆయన చలికాలం ఫజర్ ఇంట్లోనే చదువుకుంటున్నారు. సైకిలు గోడకి ఆనించి ఉంది. గాలి కొట్టించనా అని అడిగితే "చూద్దాం" అంటారు.

సవారీ మీద ఉన్నవాడు నడిచేవాడికి ముందు సలాం చెప్పాలి. నడిచేవాడు కూర్చున్నవాడికి చెప్పాలి. ప్రవక్త (స) నేర్పిన ఈ అదబ్ బుఖారీలో ఉంది, ముస్లింలో ఉంది. ఎత్తు మీద కూర్చున్నవాడి దిల్‌లోకి గురూర్ రాకుండా ఉండడానికని ఉలమా వివరిస్తారు. మా మామగారు చిన్నప్పుడు గుర్రపు బండి వాళ్ళు కూడా దాన్ని పాటించేవారట. ఇప్పుడు సవారీ ముందుగా ఇచ్చేది హారన్. హజ్రత్ లుఖ్మాన్ కొడుక్కి చేసిన నసీహత్‌లో గొంతు తగ్గించమని, గాడిద అరుపు కంటే వికారమైనది లేదని ఉంది కదా, ఎయిర్ హారన్ విన్నప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

ఇక కానూన్. 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల్లో నడిచేవాళ్ళ మీద, సైకిళ్ళ మీద, పిల్లల మీద, ముసలివాళ్ళ మీద డ్రైవర్ ప్రత్యేకంగా జాగ్రత్త చూపాలని రాసి ఉంది. సిగ్నల్ లేని జీబ్రా గీతల దగ్గర బండి నెమ్మదించి, ఆగి, వాళ్ళని పోనివ్వాలి. అక్కర్లేకుండా హారన్ కొడితే వెయ్యి రూపాయల జుర్మానా, రెండోసారి రెండు వేలు. కోయంబత్తూరు ఎముకల డాక్టరు రాజశేఖరన్ 2012లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 మే 14న ఫుట్‌పాత్ మీద నడవడం కూడా జీవించే హక్కులో భాగమేనంది. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే, అందులో 32,825 మంది నడిచిపోయేవాళ్ళే. దాదాపు ఐదుగురిలో ఒకరు.

ఇంకొకటి, చాలా ఇళ్ళలో తెలీదు, రాసి పెట్టుకోండి. గుద్దిన బండి ఆగకుండా పోయి, దొరక్కపోయినా, మనిషి పోతే రెండు లక్షలు, గట్టి దెబ్బలైతే యాభై వేలు సర్కారు ఇవ్వాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ లెక్క. అంతకుముందు పాతిక వేలూ, పన్నెండున్నర వేలూనే ఉండేది. దరఖాస్తు రెవెన్యూ అధికారి దగ్గర ఇవ్వాలి. పోలీసు రిపోర్టు తప్పకుండా రాయించుకోండి. "బండి నంబరు చూడలేదు కదా, ఏం లాభం" అని చాలామంది ఇంటికొచ్చేస్తారు.

చీకట్లో నల్ల బురఖా కనిపించదని మా ఇంటాయన అంటే ఆ మాట నిజమనిపించి నేను చేతి సంచికి మెరిసే టేపు అంటించాను. పది రూపాయల పని.

మొన్న సెలవుల్లో మా అబ్బాయి వాళ్ళ అబ్బూతో వ్యాన్‌లో వెళ్ళాడు. పదో తరగతి. ఊరి శివార్లలో కొండ నుంచి దిగిన ఆడవాళ్ళు నెత్తిన బుట్టలతో ఒకరి వెనక ఒకరు వరసగా నడుస్తున్నారట. మా ఇంటాయన హారన్ మీద చెయ్యి వేసేలోపే కొడుకు కిటికీలోంచి తల బయటపెట్టి, "రోడ్డు మీ అయ్య జాగీరా?" అన్నాడట. అచ్చం అదే గొంతు, అదే విరుపు. వెనకున్న పెద్దావిడ బెదిరి పక్కకి జరగబోతే బుట్ట ఒరిగి రెండు అనాసలు దొర్లిపోయాయి.

మా ఇంటాయన బండి ఆపారు. కొట్టలేదు, తిట్టలేదు. తన గొంతే కదా, ఏమని తిడతారు? దిగి కాయలు ఏరి ఆ అమ్మ బుట్టలో పెట్టి, కొడుకుతో "నువ్వు ఇక్కణ్ణుంచి పైదల్ రా" అని చెప్పి వచ్చేశారు. మూడు కిలోమీటర్లు. నేను ఆయనతో గొడవపడ్డాను, రోడ్డు మీద పిల్లాణ్ణి వదిలేసి వస్తారా అని. "పట్టపగలు, నడిచి రావడానికి కూడా భయమేనా?" అన్నారు. అన్నాక మా ఇద్దరికీ ఇంకో మాట రాలేదు. మామగారు తస్బీహ్ తిప్పుతూ గుమ్మంలోనే కూర్చున్నారు.

ముప్పావుగంటకి వచ్చాడు. మోకాళ్ళదాకా దుమ్ము. చెంబెడు నీళ్ళు తాగి, "అబ్బూ, దారిలో మన వ్యాన్‌లాంటిదే ఒకటి నా వెనకొచ్చి హారన్ కొట్టింది. మనది కూడా బయటికి అంత గట్టిగా వినిపిస్తుందా?" అన్నాడు.

ఆ ఎయిర్ హారన్ ఇప్పుడు మా మంచం కింద పాత సామాన్లలో ఉంది. మెకానిక్ మామూలుది బిగించాడు. దాన్ని అమ్మితే మూడొందలైనా వస్తుందని మా ఇంటాయన అంటారు. ఎవడికి అమ్ముతావురా అని మామగారు అడుగుతున్నారు.